కుడివైపు ముందుపన్ను

అందరూ క్లారినెట్ పెద్దాయన అని పిలిచే ఆయన ముప్పయ్యేళ్లుగా బావమరిది బ్యాండులో ఊదుతున్నాడు. క్లారినెట్ కొసను నోట పెట్టుకున్నప్పుడు పైవరస ముందుపళ్లు రెండూ దానిమీద గట్టిగా ఆనాలి. అప్పుడే స్వరం నిలబడుతుంది. ఆ రెండింటిలో కుడిదానికి నాలుగేళ్ల కిందట పుచ్చు పట్టింది.

కళ కోసం నొప్పిని దిగమింగాడని ఎవరైనా అంటే నమ్మకండి. ఆయనకు సూదంటే భయం. లవంగనూనె దూదితో, రేపు చూద్దాంలే అన్న మాటతో నెట్టుకొచ్చాడు. పైగా తెలివి ఎక్కువై, కొసకు సైకిల్ ట్యూబు ముక్క అంటించి, వాయిద్యాన్ని ఎడమకు జరిపి, బరువంతా మంచి పంటిమీద వేశాడు.

ఓ సాయంత్రం గాలి తప్ప స్వరం రాలేదు.

"బావా, ఊదుతున్నావా, కుంపటి రాజేస్తున్నావా?" అన్నాడు బావమరిది.

"నీ డ్రమ్ము గోల ఆపితే తెలుస్తుంది" అన్నాడాయన. నవ్వబోయాడు కానీ దవడ వాచి ఉంది.

మర్నాడు భార్య పళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. కూతురి ఈడు డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసింది.

"ఎన్నాళ్లయిందండీ?"

"నాలుగేళ్లమ్మా. బిడ్డని సాకినట్టు సాకారు" అంది భార్య.

"మొదట్లోనే వస్తే శుభ్రం చేసి సిమెంటు నింపి పంపేసేదాన్ని. ఇప్పుడు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలవచ్చు. కానీ పక్కది కూడా కదులుతోంది. ఏడాదిపాటు ఊదకూడదు. లేదంటే తీసేసి కట్టుడు పన్ను పెడతాను. తినడానికీ మాట్లాడడానికీ ఇబ్బంది ఉండదు. ఊదడం మాత్రం ఇక కష్టమే."

"ఏడాదేగా, ఓపిక పట్టండి" అంది భార్య.

"ఏడాదయ్యాక కూడా పనికిరాకపోతే?"

డాక్టరమ్మ ఎక్స్‌రే కింద పెట్టింది.

"రోజూ అద్దంలో దాన్నే చూసుకుంటూ, బాగుపడుతుందేమో అనుకుంటూ ఏడాది కూర్చోలేనే" అన్నాడు భార్యతో. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగాడు. "తీసెయ్యమ్మా."

దీన్ని ధైర్యం అనకండి. మనిషి అలిసిపోయాడు, అంతే. సూది గుచ్చుతున్నప్పుడు కూడా కదల్లేదు.

ఇంటికొచ్చిన కాసేపటికి బావమరిది ఫోన్ చేశాడు. ఆయన నోట్లో దూది ఉంది. ఫోన్ భార్యే ఎత్తింది.

"అక్కా, ఆదివారం ప్రోగ్రాం ఉంది. బావకి చెప్పు."

ఆమె ఆయనవైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వేరే ఎవర్నయినా చూసుకోరా."

"ఈ ఆదివారానికేగా?"

"కాదురా" అంది.