అంచు దాటిన రెండు లైన్లు

మేడలో అందరూ ఆమెను ప్రెస్సక్క అంటారు. ప్రెస్సు మూతపడి పద్నాలుగేళ్ళయింది. పేరు మాత్రం మిగిలింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆమె నిలబడి సీసపు అక్షరాలు పేర్చింది. ఎదురుగా అరల పెట్టె, ఎడమచేతిలో అక్షరాలు వరసగా నిలబెట్టే ఇనప పట్టీ. సీసపు అక్షరం తిరగబడి ఉంటుంది. ఆమె దాన్ని అలాగే చదివేస్తుందని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేవారు. నిజానికి ఆమె చదివేది కాదు, చూసేది. ఎక్కడ వత్తు విరిగిందో, ఎక్కడ ఖాళీ ఎక్కువైందో ఆమె కన్ను బారెడు దూరం నుంచి పట్టుకునేది. ఆ పేజీలో ఏం రాసి ఉందని అడిగితే, "మనకెందుకు? రాయించుకున్నవాళ్ళు చదువుకుంటారు" అనేది.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. ఆహ్వానపత్రికల చుట్టూ వేసే పూల అంచును చట్రంలో ఒకసారి బిగిస్తే మళ్ళీ విప్పేవాళ్ళు కాదు. లోపలి పేర్లు తీసి కొత్త పేర్లు పెట్టేవాళ్ళు. తీసిన అక్షరాలు తమ తమ అరల్లోకి వెళ్ళిపోయేవి. పాత పేర్ల గురించి ఎవరికీ బెంగ లేదు. అచ్చయిన కాగితాలు వాళ్ళ ఇళ్ళల్లో ఉండేవి.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసేవాడు. వాళ్ళది మూడో అంతస్తు, ఆ మేడకు లిఫ్టు లేదు. "ఊరందరినీ పైకి ఎక్కించి మనం మెట్లెక్కుతున్నాం" అని ఆమె రోజూ అనేది. "అందుకే మోకాళ్ళు బాగున్నాయి" అని ఆయన రోజూ అనేవాడు.

ప్రెస్సు పోయాక, ఒక ఆఫీసు పాతవని తీసేసిన కంప్యూటరును, ప్రింటరును ఆయన ఇంటికి తెచ్చాడు. ముందు గదిలో కిటికీ పక్కన పెట్టి, ఒక కాగితం మీద వాడే పద్ధతి రాసి తెర పక్కన అతికించాడు.

"ముందు గోడ స్విచ్చు, తర్వాత డబ్బా స్విచ్చు. తెర వెలిగేదాకా దేన్నీ నొక్కకు. లిఫ్టు బటన్ పదిసార్లు నొక్కినా లిఫ్టు ఒక్కసారే వస్తుంది. మందం కాగితం ప్రింటరులో ఒక్కొక్కటే పెట్టు. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి చూసుకో. పని అయ్యాక సేవ్ కొట్టు. ఏదైనా అడిగితే అవును అను. గోడ స్విచ్చు చివర."

పేజీ సర్దడం తప్పితే, ఆ కాగితంలో ఉన్నంతే ఆమెకు వచ్చిన కంప్యూటరు. అది చాలింది.

ఏటా సంవత్సరాంతపు సెలవులకు ముందు ఇద్దరూ కార్డులు చేసేవారు. ఇరవై రెండు ఇళ్ళకు. మందం కాగితాన్ని ఆమె స్కేలు పెట్టి, పాత టూత్‌బ్రష్ పిడితో గీత నొక్కి మడిచేది. పిడితో నొక్కితే మడత దగ్గర కాగితం పగలదు. రబ్బరు ముక్క మీద బ్లేడుతో ఆకు చెక్కి, సిరాలో అద్ది పైన ముద్ర వేసేది. పాత క్యాలెండరు కాగితాలతో కవర్లు అతికేది. లోపలి ఉత్తరం ఆయనది. ఒంటి వేలితో టైపు చేసేవాడు. చేసేది నాలుగు ముక్కలే. మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాం, లిఫ్టులు నడుస్తున్నాయి, మెట్లు కూడా. ఆమె దాని చుట్టూ సన్నటి అంచు వేసి పేజీ మధ్యకు సర్దేది. మరుసటి ఏడు అదే ఉత్తరం తెరిచి, పాత మాటలు తీసి, కొత్తవి పెట్టేవారు. అంచు అలాగే ఉండేది.

కిందటేడు ఆయన నాలుగు ముక్కలతో ఆపలేదు. మూడు రోజులు కూర్చున్నాడు. ఆమె వంటగదిలోంచి వస్తే భుజం అడ్డం పెట్టాడు. నాలుగో రోజు లేచి కుర్చీ ఆమెకు ఇచ్చాడు.

ఆమె పేజీ సర్దింది. ఆయన వెనక నిలబడ్డాడు.

"చదివావా?"

"చూశాను. వత్తులన్నీ సరిగా పడ్డాయి. చివరి రెండు లైన్లే అంచు దాటుతున్నాయి."

"అక్షరం చిన్నది చెయ్యరాదూ?"

"చిన్నదైతే మీ చెల్లెలికి ఆనదు. రెండు లైన్లు తీస్తే సరిపోతుంది."

ఆయన కాసేపు తెర వైపు చూశాడు.

"తీసెయ్ మరి. అచ్చువాళ్ళతో వాదించి గెలవడం నా వల్ల కాదు."

ఆమె రెండు లైన్లు తీసేసింది. సేవ్ కొట్టింది. ఇరవై రెండు అచ్చు తీసి ఇరవై రెండూ పోస్టు చేసింది. ఇంట్లో ఒకటి ఉంచుకునే అలవాటు లేదు.

ఎండలు ముదరకముందే ఒక మధ్యాహ్నం ఆయన పోయాడు. ఒక ఆఫీసులో లిఫ్టు బాగుచేసి, చేతులు కడుక్కుంటూ కుళాయి దగ్గర కూలబడ్డాడు. కుళాయి ఎవరో కట్టేశారు.

ఏడాది చివర ఆమె కంప్యూటరు ముందు కూర్చుంది. గోడ స్విచ్చు, డబ్బా స్విచ్చు. కిందటేటి ఉత్తరం తెరిచింది. ఆయన మాటలు తెర నిండా ఉన్నాయి. చదివితే ఏడుపొస్తుందని చూపు అంచు మీదే ఉంచింది. మొదటి మాట నుంచి చివరిదాకా మౌసుతో ఎంచి నలుపు చేసి, తుడిచేసే మీట ఒక్కటి నొక్కింది. పేజీ తెల్లబడింది. ఆయన పోయిన సంగతి, వచ్చి పలకరించినవారికి కృతజ్ఞత, మూడు లైన్లలో పెట్టింది. ఇరవై రెండు తీసింది. మూసేటప్పుడు కంప్యూటరు ఏదో అడిగింది. అవును అంది.

వారం తర్వాత ఆడపడుచు ఫోన్ చేసింది.

"కార్డు అందింది వదినా. కిందటేడు అన్నయ్య నీ గురించి రాసింది చదివి నవ్వుకుంటూ ఏడ్చాను. ఈ ఏడు చూడు, ఇలాగ."

"నా గురించా?"

"నువ్వే కదా అచ్చు వేసింది?"

"వేశాను."

ఫోన్ పెట్టేసి ఆమె కంప్యూటరు తెరిచింది. మూడు లైన్లున్నాయి. కింది వాటాలో ఉండే అమ్మాయి కాలేజీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం చేస్తుంది. ఆమెను పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి చాలాసేపు వెతికింది.

"పాతదాని మీదే సేవ్ చేసేశారు పిన్నిగారూ."

"అంచు పనికొస్తుందని."

"వేరే పేరు పెట్టి సేవ్ చేస్తే అంచూ ఉండేది, పాతదీ ఉండేది. పేరు పక్కన ఏడాది వెయ్యాలి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి."

"ఈ కాగితంలో అది లేదు."

ఆ అమ్మాయి తెర పక్కన కాగితం చదివింది. తర్వాత మెల్లగా, "మీరు ఇంత మంచి కార్డులు చేస్తూ ఒక్కటీ దాచుకోలేదా?" అంది.

"ప్రెస్సులో మా కాపీ అంటూ ఉండేది కాదమ్మా."

ఇరవై రెండు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళకు ఫోన్ చేసింది. ఎక్కడో ఉండాలన్నారు, ఇల్లు సర్దినప్పుడు పోయిందన్నారు. ఆడపడుచు వెతికి చూస్తానంది. ప్రెస్సులో యంత్రం తిప్పిన పాత తోటివాడు మాత్రం గర్వంగా చెప్పాడు.

"నువ్వు నేర్పిన పనే కదక్కా. పాత కార్డులు కత్తిరించి, చిల్లు పొడిచి, దారం కట్టి, బహుమతి పొట్లాలకు పేరు చీటీలు చేశాం. నీ కాగితం గట్టిది. పద్దెనిమిది వచ్చాయి."

"బాగా వచ్చాయా?"

"అంచులు నీట్‌గా వచ్చాయి."

"మంచిది" అంది.

ఆదివారం పొద్దున ఆడపడుచు మెట్లెక్కి వచ్చింది. రొప్పుతూ సంచి తీసి బల్ల మీద పెట్టింది.

"కుట్టుమిషను డ్రాయరులో దొరికింది. ఈ మెట్లెక్కేవాళ్ళకి మీ ఇంట్లో కుర్చీ అయినా వెయ్యరా వదినా?"

కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఆమె కార్డు తీసుకుంది. మొదట చేతులు మడతను తడిమాయి. పగల్లేదు. తర్వాత, తన జీవితంలో తాను అచ్చువేసిన కాగితాన్ని మొదటిసారి చదివింది.

"ఈసారి మా ఇంట్లో మనిషి గురించి రాస్తాను. ఈ కార్డు మడిచింది ఆమే. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడి పని చేసింది, ఇప్పటికీ కూర్చుని కాఫీ తాగడం రాదు. ప్రెస్సు నుంచి వచ్చినప్పుడు ఆమె వేళ్ళు నల్లగా ఉండేవి. మరక అవుతుందని నా చొక్కా ముట్టుకునేది కాదు. ఒక్కసారి ముట్టుకుని ఉంటే ఆ చొక్కా ఉతకనిచ్చేవాణ్ణి కాదు. ఆ మాట అప్పుడు చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇంకొకటి. సాయంత్రం మెట్ల మీద నా అడుగులు వినగానే తలుపు గడియ తీస్తుంది. తీసి, మళ్ళీ దగ్గరగా వేసి, నేను తట్టేదాకా వెనకే నిలబడి ఉంటుంది. నాకు తెలుసని ఆమెకు తెలియదు."

అక్కడితో ఉత్తరం అయిపోయింది. కింద అంచు.

"చివర అలా ఆపేశాడేంటా అనుకున్నాను" అంది ఆడపడుచు. "ఏదో చెప్పబోయి మానేసినట్టు."

"మానెయ్యలేదు. నేను తీసేశాను."

"ఏం రాశాడు?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆ రెండు లైన్లూ కనిపించాయి. మొదటిది నిండుగా ఉంది. రెండోది పొట్టిది, సగం దాకా కూడా రాదు. అందులో రెండు వత్తులు అంచు అవతల బాగా కిందికి దిగి ఉన్నాయి. చివర చుక్క. అక్షరాల నడుమ ఖాళీ కూడా కొలిచి చెప్పగలదు.

"తెలీదు" అంది. "చూశానంతే."

ఆడపడుచు ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

మర్నాడు ఆమె కింది అంచును కాస్త కిందికి జరిపి, ఉత్తరాన్ని మళ్ళీ టైపు చేసింది. ఒక్కో మాటా పెదవులు కదిపి చదువుతూ. అలా చదువుతూ చేయడం కొత్త పని, నాలుగు రోజులు పట్టింది. చివర కింది వాటా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. వేరే పేరు పెట్టించింది, పక్కన ఏడాది వేయించింది, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టించింది. తెర పక్కన కాగితం చివర ఆ మూడు సంగతులూ ప్రెస్సక్క తన చేత్తో రాసుకుంది.

ఆ అమ్మాయి తెర వైపు వంగి చూసింది.

"కింద చాలా ఖాళీ వదిలారు పిన్నిగారూ. బాగోలేదు. అంచు పైకి జరపనా?"

"వద్దమ్మా" అంది. "అక్కడ రెండు లైన్లున్నాయి."