మునిరాజు వెళ్లిన వంతు

ట్రక్కు మమ్మల్ని దించేసరికి ఉదయం పదకొండు. అక్కడి నుంచి మా సరిహద్దు పోస్టుకు రెండు రోజుల నడక. పదహారు వేల అడుగుల ఎత్తు. ఎనిమిది మంది జవాన్లం. రెండు గుడిసెలు, ఒక కిరోసిన్ స్టవ్వు, ఒక రేడియో సెట్టు. మే నెలలో కూడా మంచే.

రేడియో ఆపరేటర్ మునిరాజుది అంచెట్టి దగ్గర కొండపల్లె. నాది కెలమంగలం. రెండూ హోసూరు వైపే. మిగతావాళ్లతో హిందీ. మేమిద్దరమే ఉంటే మా తెలుగు. రాగిచేను గురించి, వాళ్లమ్మ మునెమ్మ గురించి చెప్పేవాడు. తండ్రి లేడు. ఒక్కడే కొడుకు.

కింద సరుకు దించిపెట్టే డంపు నుంచి కిరోసిన్ డబ్బాలు మోసుకురావాలి. వంతులవారీగా వెళ్లేవాళ్లం. చలికాలం మొదట్లో ఒక గురువారం వంతు నాది. ముందురోజు మంచులో నల్లద్దాలు తీసి పనిచేశాను. తెల్లారేసరికి కళ్లు మండిపోయి ఏమీ కనిపించలేదు. ఎవరు పోతారని పోస్టు కమాండర్ అడిగాడు. మునిరాజు అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

"నీ కండ్లు బాగైనాక నా వంతు నువ్వు పో," అన్నాడు.

చేతి రేడియో తీసుకుని తొమ్మిదికి బయల్దేరాడు. కళ్లకు గుడ్డ కట్టుకుని అతని సెట్టు దగ్గర నేను కూర్చున్నాను. పది ఇరవైకి అతని మాట వచ్చింది.

"డబ్బా ఎత్తుకొన్నాను. ఎక్కుతుండా."

పదకొండూ ఐదుకు పైనుంచి మంచు జారిన చప్పుడు. పిలిచాను. జవాబు లేదు. నాలుగు గంటలు తవ్వితే దొరికాడు. అప్పటికే ప్రాణం లేదు.

ఆ చలికాలం అతని వంతులన్నీ నేనే వెళ్లాను. ఋణం అలా తీరుతుందనుకున్నాను. తీరలేదు. సెలవు దొరికినప్పుడల్లా అంచెట్టి బస్సెక్కి మునెమ్మ చేను దున్నాను. రిటైరై హోసూరులో ఫ్యాక్టరీ సెక్యూరిటీలో చేరాక కూడా వారానికోసారి వెళ్లాను. మోకాళ్లు అరిగాయి. నాగలి పట్టలేక, ఆమెను కృష్ణగిరి ఆఫీసులకు తీసుకెళ్లి పెన్షన్ కాగితాలు సరిచేయించాను. ఆ పని కూడా అయిపోయింది. ఆమెకు చూపు పోయింది. ఇక దగ్గర కూర్చోవడమే మిగిలింది. ఆ వంతు ఎవరిదో మాత్రం అన్నేళ్లూ చెప్పలేదు.

పోయిన ఏడు ఒక మధ్యాహ్నం, నాకు రాగిముద్ద పెట్టి అడిగింది.

"ఇన్నేండ్లు ఎందుకు చేస్తుండావప్పా? కన్న కొడుకులే చెయ్యరు."

అన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. చెప్పేశాను. ఆ రోజు పోవలసింది నేనని, నా బదులు అతను పోయాడని. ఆమె తడుముకుంటూ నీళ్ల చెంబు నా వైపు జరిపింది.

"వానికి పానం పోయేకి చానా సేపు పట్టిందా?"

"తెలీదమ్మా."

పట్టలేదని చెప్పేయొచ్చు. ఆమెతో అబద్ధం ఆడలేకపోయాను.

చెయ్యి కడుక్కుని లేచాను. ఇక రావద్దంటుందనుకున్నాను. కర్ర పట్టుకుని నాతోపాటు రోడ్డు దాకా వచ్చింది. బస్సు ఆగినాక నా భుజం తడిమింది.

"ఇంక పని చేసేకి రావద్దు. ఊరికే రా."

మరుసటి వారం ఊరికే వెళ్లాను. ఆమె చనిపోయిందట, ముందురోజే మట్టి చేశారట. పల్లెవాళ్లు నా నంబరు తెలియక చెప్పలేకపోయారు. వచ్చిన బస్సులోనే హోసూరు తిరిగొచ్చాను.

మంచు ఇప్పుడు కలలోకి రావడం లేదు. కళ్లు మూస్తే ఆ మధ్యాహ్నమే. బస్సు కదిలి మలుపు దాకా వచ్చింది. వెనక అద్దంలోంచి చూశాను. బస్సు ఆగిన ఖాళీ చోటు వైపే ముఖం పెట్టి, మునెమ్మ ఇంకా చెయ్యి ఊపుతూ ఉంది.