ఆరాధనలో నా గిటారు

నలభై ఆరేళ్ళ వయసులో ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఘాజియాబాద్ ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని ఇందిరాపురంలో ఇల్లు చేరాక రోజూ కాసేపు సాధన చేస్తాను. ఈ సంగతి తెలిసి, మా తెలుగు చర్చిలో పాటలు నడిపించే జయరాజు గారు పోయిన నెల అందరి ముందూ నవ్వారు.

"ఈ వయసులో వేళ్ళేం వంగుతాయి సిస్టర్, మీరు సూదులేసుకోండి చాలు" అన్నారు.

ఆ మాట నేను మరచిపోలేదు.

ఈ రోజు పొద్దున ఆయనే ఫోన్ చేశారు. రోజూ వాయించే గిటారిస్టుకు జ్వరమట.

"ఒక్క పాటకి రాగలరా సిస్టర్? మూడే కార్డ్స్."

"వస్తానండి. కానీ ఆంప్లిఫయర్ బరువు. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు పాడైంది. మీరే వచ్చి దింపాలి."

"ఠీక్ హై" అన్నారు.

చొక్కా తడిసిపోయేలా మోశారు. నేను గిటారు భుజాన వేసుకుని ముందు నడిచాను.

తీగల మీద వేళ్ళు మార్చి ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కి వెళ్ళడానికి నాకింకా సమయం పడుతుంది. ఆరాధనలో అంతవరకూ జయరాజు గారు పాదం చివరి అక్షరాన్ని సాగదీస్తూ నా వంక చూస్తూ నిలబడాల్సి వచ్చింది. ఊపిరి చాలక ముఖం ఎర్రబడింది. సంఘమంతా అది భక్తి అనుకుంది.

మొదట్లో నిజంగానే నాకు చేతకాలేదు. చివరి చరణంలో మాత్రం వేళ్ళు సరైన చోటే ఉన్నాయి. అయినా తీగ మీటకుండా, ఆయన్ని తీరిగ్గా చూస్తూ ఆగాను.

చర్చిలో నిలబడి చేసిన పని కాబట్టి తప్పేనంటారా? మీరే చెప్పండి. నాకైతే మధ్యాహ్నం అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.