నాన్న ఫొటో కింద ఊదారంగు మరక

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో, మా టీవీ తెర మీదికి ఒక మనిషి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. అప్పట్లో మా ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం.

నాన్న స్టేషన్‌లో మైకులు బాగుచేసే పనిలో ఉండేవాడు. డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. చర్చిలో ప్రార్థన, సమాధి తోటలో మట్టి, అన్నీ అయ్యాక అమ్మ ఆయన ఫొటోను ఇంట్లో అన్నిటికంటే గౌరవమైన చోట పెట్టింది. మా కాలనీలో ఏ ఇంట్లోనైనా ఆ చోటు టీవీ పైనే. పూలు కుట్టిన గుడ్డ పరిచి, దాని మీద ఫొటో, పక్కన బైబిలు. పోయినవాళ్ళు పనిలో వాడిన వస్తువు ఒకటి ఫొటో దగ్గర ఉంచడం కూడా మా వీధిలో అలవాటు. ఒకరింట్లో గార్డు గారి విజిలు, ఇంకొకరింట్లో పచ్చజెండా. అమ్మ కూడా ఫొటో వెనక ఏదో పెట్టింది. అదేమిటో నేను చూడలేదు.

కొద్ది రోజులకు సరిగ్గా ఫొటో కింద, తెర పై భాగంలో, ఊదారంగు మరక కనబడింది. దాని అంచులు పచ్చగా ఉండేవి. పైన గుండ్రంగా, కిందికి వచ్చేసరికి వెడల్పుగా, ఒక తల, రెండు భుజాలు. వార్తలు చదివే ఆవిడ ముఖం ఆ మరకలోకి వచ్చినప్పుడల్లా శవం రంగుకు తిరిగేది. బొమ్మలు మారేవి, మనుషులు వచ్చిపోయేవారు, ఆ ఆకారం మాత్రం కదిలేది కాదు. మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, ఒక సాయంత్రం అద్దం మీద చెయ్యి పెట్టింది. చిటపటమని చప్పుడయింది. ఆమె ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"ఓలమ్మీ, ఈడు నా కొడుకే. నన్ను ముట్టుకున్నాడు" అంది.

మలంచా బజారు నుంచి, మేమంతా దాదా అనే బెంగాలీ టీవీ మెకానిక్‌ని పిలిచారు. సెట్టు దుకాణానికి పంపమన్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడి, సెట్టు ఇల్లు దాటదని చెప్పేసింది. ఆ శనివారం ఆమె దుమ్ము దులుపుతూ ఫొటోను టీవీ మీదే రెండో చివరకు జరిపింది. సాయంత్రం టీవీ వేస్తే మరక కూడా ఆ చివరకు వచ్చి ఉంది. పాత చోట దాని నీడ మాత్రం మిగిలింది. ఆ రోజు నుంచి ఎవరికీ అనుమానం లేకపోయింది.

నెలాఖరులోగా అమ్మ నాన్న బదులు రైల్వే ఉద్యోగంలో చేరాలి. చేరకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మాకు వేరే ఇల్లు లేదు. అమ్మ మాత్రం శబ్దం పూర్తిగా తగ్గించి, పగలంతా తెర ముందు కూర్చునేది. "ఉద్యోగానికి ఎల్లమంతారా?" అని దాన్నే అడిగేది. కాసేపు చూసి మావైపు తిరిగి, "మీ నాన్న ఒద్దంతన్నారు" అనేది. నేను వంటింట్లోకి వెళ్ళాలంటే టీవీ ముందునుంచే వెళ్ళాలి. కట్టేసి ఉన్నప్పుడు కూడా ఆ నల్లటి అద్దంలో మరక కోసం చూసేదాన్ని. అది ఉండాల్సిన చోట నా ముఖమే కనబడేది. అది ఇంకా భయంగా ఉండేది.

పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, జడ విప్పుకుంటూ తలపిన్నును టీవీ మీద పెట్టింది. పిన్ను తనంతట తాను జారి ఫొటోకు అతుక్కుంది. మామ్మ సిలువ గుర్తు వేసుకుంది. అక్క ఫొటో వెనక చెయ్యి పెట్టి నల్లటి బిళ్ళ ఒకటి తీసింది. అరచేతి నిండా ఉంది, బరువుగా.

"ఇదేటి పిన్నీ?"

"మీ బాబాయిదే. టేసన్ల పాడైన మైకులోది. నా సూదులు పడిపోతే దీంతోనే ఏరేవోరు."

అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వాళ్ళింట్లో టేప్‌రికార్డరు స్పీకరు పెట్టెలు టీవీకి ఆనించినప్పుడు అచ్చం ఇలాంటి మరకే వచ్చిందట. ఆ మాట అమ్మతో అనలేదు, నాతో తర్వాత అంది. అప్పుడు మాత్రం అయస్కాంతాన్ని అమ్మ ఒళ్ళో పెట్టి టీవీ వేసింది. మరక అలాగే ఉంది.

"సూసినావా" అంది అమ్మ. గెలిచినట్టు అంది. "ఎల్లలేదు."

"ఒక్కసారే ఎలా ఎల్తారు పిన్నీ? టీవీ కట్టేసి సల్లారనీ. అప్పుడు నువ్వే ఎయ్యి. ఎయ్యగానే లోపల ఝుమ్మంటాది, అప్పుడు కొంచెం ఎల్తారు. మల్లీ కట్టేసి ఎయ్యి, ఇంకొంచెం. నీకు ఒద్దనిపించిన కాడ ఆపెయ్. కట్టకుండా ఉంచినావంటే ఆయన ఇక్కడే ఉంతారు. మాం ఎవరం స్విచ్చి ముట్టుకోం."

అమ్మ ఆ సాయంత్రం వేసింది. లోపల ఝుమ్మని మోగింది, బొమ్మంతా ఒక్కసారి వణికింది. భుజాల అంచులు పలచబడ్డాయి. మర్నాడు ఒక భుజం పోయింది. ఆ తర్వాత రోజు అమ్మ టీవీ కట్టనేలేదు. తెల్లారినప్పటి నుంచి నడుస్తూనే ఉంది, వెనక చెక్క వేడెక్కి వాసన వచ్చింది. మామ్మ కంచం పట్టుకుని నిలబడి, "ఇల్లు పోతాదే, పిల్లని ఎక్కడెడతావే" అంది. అమ్మ తల తిప్పలేదు. అక్క కిటికీలోంచి చూసింది గాని లోపలికి రాలేదు. తల మిగిలిన ఆ ఊదారంగు మనిషీ అమ్మా రోజంతా ఒకరినొకరు చూసుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు స్విచ్చి చప్పుడు వినబడింది.

తర్వాత కొన్ని రోజులకు బొటనవేలి ముద్రంత మరక మిగిలింది. అమ్మ కట్టేసి, సెట్టు చల్లారేదాకా దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. మళ్ళీ వేసే ముందు, "ఎల్లి రండి" అంది. నాన్న డ్యూటీకి బయల్దేరినప్పుడల్లా గుమ్మంలో నిలబడి ఆమె అనే మాటే, అదే గొంతు. ఝుమ్మంది. తెర శుభ్రంగా ఉంది. వార్తల ఆవిడ ముఖం బతికున్న మనిషి ముఖంలా ఉంది. మామ్మ ఏడ్చింది, అమ్మ ఏడవలేదు. ఆ శుభ్రమైన తెరను చూసి నాకు మరక ఉన్నప్పటి కంటే ఎక్కువ భయం వేసింది. మర్నాడు పొద్దున్నే అమ్మ ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఉద్యోగంలో చేరింది.

పెద్దయ్యాక లైబ్రరీలో వెతికి వెతికి దీని సంగతంతా చదివాను. అద్దం వెనక సన్నటి రంధ్రాల ఇనుప రేకు ఉంటుంది. అయస్కాంతం దగ్గరుంటే ఆ రేకుకు కూడా ఆ గుణం పట్టి రంగులు దారి తప్పుతాయి. చల్లారిన సెట్టు వేసినప్పుడు పిక్చర్ ట్యూబు చుట్టూ ఉన్న తీగ చుట్ట ఆ గుణాన్ని కొంచెం కొంచెంగా వదిలిస్తుంది. మెకానిక్కుల దగ్గర చేత్తో తిప్పే పెద్ద చుట్ట ఉంటుందనీ, దాంతో నిమిషంలో మరక తుడిచేయొచ్చనీ కూడా చదివాను. వెంటనే వెళ్ళి అక్కని నిలదీశాను.

"దాదా కాడ ఉందని నాకు తెల్దేటే?" అంది అక్క. "నిమిసంలో తుడిపించేస్తే మీయమ్మ బాబాయిని ఇంకే గోడ మీదో ఎతుక్కునేది."

ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నిటికో కారణాలు తెలుసుకున్నాను. అయినా ఇప్పటికీ ఎవరైనా తమవాళ్ళు పోయాక కనబడుతున్నారని చెబితే, కారణం నాలుక చివర ఉన్నా మింగేస్తాను. ఎక్కడ, అని అడుగుతాను. పక్కన కూర్చుని వాళ్ళు చూపించిన వైపే చూస్తాను. చాలాసేపు చూస్తే, ఒక్కోసారి నాకూ కనబడతారు.