బయటివాళ్ల లాటరీలో మా పక్కింటాయన

లూకన్‌లో మేము ఇల్లు కొనుక్కున్న మొదటి వారమే ఐరిష్ పక్కింటాయన గోడ మీదుగా ఒక ప్లాస్టిక్ డబ్బా అందించాడు. విక్లో కొండల్లో తాను వేటాడి తెచ్చిన జింక మాంసం. మా ఆయన దానికి మసాలా దట్టించి వండుకుని మూడు పూటలు తిన్నాడు. నేను పప్పుచారుతో సరిపెట్టుకున్నాను. వేటంటే నాకు గిట్టదని పక్కింటాయన మొహం మీదే చెప్పాను కూడా. ఆయన నవ్వేసి, మర్నాడు నా కోసం విడిగా ఆపిల్ టార్ట్ తెచ్చాడు. అలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

డెబ్బై దాటిన ఆ మనిషికి మిగిలిన కోరిక ఒక్కటే. అమెరికా పశ్చిమ కొండల్లో ఒక ఎల్క్‌ను వేటాడాలి. ఎల్క్ అంటే మన అడవుల్లో కణితి జింక లాంటిదే, ఇంకా పెద్దది. పాతికేళ్ల వయసులో ఆయన అక్కడ రెండేళ్లు రోడ్డు పనులు చేశాడట. ఒక ఉదయం పనికి వెళ్తుంటే మంచులోంచి ఎల్క్ ఒకటి లేచి నిలబడిందట. చేతిలో పార తప్ప ఏమీ లేదు. ఆ కథ నాకు కనీసం పదిసార్లు చెప్పాడు.

అక్కడ డబ్బుంది కదా అని తుపాకీ పట్టుకుని వెళ్తే కుదరదు. ఆ కొండలున్న రాష్ట్రం ఏటా కొన్ని అనుమతి చీటీలే ఇస్తుంది. వాటిని ట్యాగులంటారు. అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. సింహభాగం స్థానికులకు. బయటివాళ్లకు చిన్న వాటా, దానికి ఎక్కడెక్కడి వేటగాళ్లో పోటీ. రాకపోతే ఆ ఏటికి ఒక పాయింటు ఇస్తారు. పాయింట్లు పోగయ్యేకొద్దీ వరుసలో ముందుకు జరుగుతారు. మా ఊళ్లో ఎన్నారై అంటే పెళ్లిలో ముందు వరుస కుర్చీ. ఆ లాటరీ ఫారంలో నాన్ రెసిడెంట్ అంటే ఆఖరి వరుస. అది చదివినప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి సొంతమనిషి మీద కలిగేలాంటి జాలి కలిగింది.

ఏళ్ల తరబడి ఆ దరఖాస్తు ఆయన భార్య నింపేది. ఆమె పోయాక ఆ కాగితాల ఫోల్డరు నా దగ్గరికొచ్చింది. ఆయనకు కంప్యూటరు చేతకాదు, దగ్గరి చూపూ తగ్గింది. నేనేమో వైద్య పరికరాల ప్లాంటులో గణాంకాలు చూసే మనిషిని. వెయ్యి ముక్కల్లో ఎన్ని పాడవుతాయో అంచనా కట్టడమే నా బతుకుతెరువు. మొదటి ఏడు పాత ఫలితాల పట్టికలన్నీ తిరగేసి, "రాదు, ఆశ పెట్టుకోకండి" అని కుండబద్దలు కొట్టాను. రాలేదు.

రెండో ఏడు మళ్లీ చూస్తే లెక్క మారింది. ఆయన పాయింట్లు దాదాపు ట్యాగు వచ్చే గీత దగ్గరికి చేరాయి. "ఈసారి రావచ్చు" అన్నాను. ఆ మాట నోరు మూసుకుని నాలోనే ఉంచుకోవాల్సింది. ఎందుకంటే అప్పటికే ఆయన ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి. వేట జరిగే ఈ శరత్కాలం దాకా తోడు మనిషితో కొండ ఎక్కవచ్చుననీ, ఆపై ఏడాది సంగతి చెప్పలేననీ జీపీ డాక్టరు తేల్చేశాడు. అంటే ఇదే ఆఖరి అవకాశం. ఆయన రోజూ మా వీధి చివరిదాకా బరువు సంచి తగిలించుకుని నడవడం మొదలుపెట్టాడు.

గడువు మార్చి నెలలో ఒక మంగళవారం, అక్కడి ఉదయం పదింటికి. మాకూ వాళ్లకూ ఏడు గంటల తేడా. అంటే ఇక్కడ సాయంత్రం ఐదు. ఫీజు కట్టాల్సిన ఆయన పాత బ్యాంకు కార్డు గడువు తీరిపోయి, కొత్తది ఆ రోజే పోస్టులో వచ్చింది. మూడింటికి కార్డు పట్టుకుని మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. నేను ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాను. మూడూ ఇరవైకల్లా అంతా నింపేశాను. ఇక పంపే మీట నొక్కడమే తరువాయి.

అప్పుడు నా కళ్లు ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అల్మరా తలుపు మీది తెలుగు క్యాలెండరు మీద పడ్డాయి. మంగళవారం, మూడు నుంచి నాలుగున్నర. రాహుకాలం.

నేను చాదస్తపు మనిషిని కాను. బస్సెక్కడానికీ, కూర తరగడానికీ రాహుకాలం చూడను. ఇల్లు రిజిస్ట్రేషనుకు చూశాను. మా ఆయన ఉద్యోగం ఇంటర్వ్యూకు చూశాను. పోతే పోయిందనుకునే పనికి ఎవరూ చూడరు. పోతే తట్టుకోలేమనిపించే పనికే చూస్తాం. ఐదింటిదాకా టైముంది కదా, నాలుగున్నర దాటాక పంపితే పోయేదేముంది అనుకున్నాను.

"అయిపోయిందా?" అన్నాడు పక్కింటాయన.

"అయింది. ఇంకోసారి సరిచూస్తాను" అన్నాను.

"గ్రాండ్" అన్నాడు. ఇక్కడ సరే అనడానికి అదే మాట.

సరిచూస్తున్నట్టు నటించాను. టీ పెట్టాను. బిస్కట్లు ఇచ్చాను. ఎల్క్ కథ మళ్లీ చెప్పించుకున్నాను. గంట పైనే ఆ మనిషి నా మీద నమ్మకంతో టీ కప్పు పట్టుకుని అలా కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నాలుగూ ముప్పై ఒకటికి మనసులో దణ్ణం పెట్టుకుని మీట నొక్కాను.

దరఖాస్తుల గడువు ముగిసింది అని వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. హాల్లోకి వెళ్లి మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన బ్లాంచర్డ్స్‌టౌన్ ఆఫీసులో రోజూ అమెరికా వాళ్లతోనే పని చేస్తాడు.

"ఏవండీ, ఎల్క్ దరఖాస్తుకు ఐదింటిదాకా టైముందండీ. అప్పుడే క్లోజ్ చేసేశారేంటి?"

"ఐదు కాదు, నాలుగే. అమెరికాల గడియారాలు మొన్న సండేనే జరిపిన్రు. మనయి ఇంక జరుపలే. ఈ రెండు వారాలు మా కాల్స్ అన్నీ గంట ముందే అయితున్నయ్. ఎందుకు, పొద్దుగాల పంపలేదా?"

"కార్డు ఇవాళే వచ్చింది. మూడింటికి తెచ్చారు."

"మరి మూడింటికే పంపకపోయినవా?"

నేను వంటింటి తలుపు దగ్గరగా వేశాను.

"ఇయ్యాల మంగళవారం గదా" అన్నాడు మా ఆయన మెల్లగా.

ఆ రాష్ట్రం ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎత్తినామె ఎంతో మర్యాదగా మాట్లాడింది. నిమిషం ఆలస్యమైనా, అరగంట ఆలస్యమైనా ఒకటే నియమమంది. బతిమాలాను. ముసలాయన, జబ్బు మనిషి అన్నాను. "అయామ్ సో సారీ" అంది. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

వంటింట్లోకి వెళ్లి పక్కింటాయనకు గంట తేడా సంగతి చెప్పాను. క్యాలెండరు సంగతి చెప్పలేదు. చెబితే నా దేవుళ్లూ నా గ్రహాలూ అన్నీ ఆయన ముందు దోషుల్లా నిలబడాలి. ఆయన లేచి, తన కప్పు తానే కడిగి బోర్లించాడు. "గ్రాండ్, ఇట్స్ గ్రాండ్" అంటూ ఫోల్డరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి సంచితో నడక మానేశాడు.

ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. చూడకుండా ఉండలేకపోయాను. బయటివాళ్ల వాటాలో, ఆయన అడగాలనుకున్న ప్రాంతానికి, ఆయనకున్నన్ని పాయింట్లు ఉన్న ప్రతి ఒక్కరికీ ట్యాగు వచ్చింది. ప్రతి ఒక్కరికీ. లాప్‌టాప్ మూసి బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

రెండు రోజులకు ఆయనే గోడ దగ్గర పిలిచాడు. ఉత్సాహంగా ఉన్నాడు. "మన పాయింట్ల వాళ్లకు ఒక్కడికీ రాలేదట. నా వేట స్నేహితుడు చూసి చెప్పాడు. నువ్వు టైముకు పంపినా వచ్చేది కాదు. ఇక ఆ బాధ వదిలెయ్" అన్నాడు. ఆ స్నేహితుడు పట్టిక సరిగ్గా చదవలేదనుకున్నాను. సరిదిద్దలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణం నాకు హాయిగా అనిపించింది.

అక్టోబరుకు ఆయన మంచం పట్టాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఒక మధ్యాహ్నం నేను సూపు తీసుకెళ్తే, తలుపు తీసింది ఆ వేట స్నేహితుడు. ఆయన్ను అంతకుముందు చూడలేదు. నన్ను చూసి రోజూ వచ్చే నర్సుననుకున్నాడు. ఇక్కడ భారతీయ స్త్రీ కనబడితే చాలామంది అలాగే అనుకుంటారు. పక్కింటాయన నిద్రపోతున్నాడు. స్నేహితుడు హాల్లోనే గొంతు తగ్గించి నాతో మాట్లాడాడు.

"పాపం, ఈ వారం ఎల్క్ వేటలో ఉండాల్సిన మనిషి. దరఖాస్తు అందలేదు. ఆ పాయింట్లున్న అందరికీ వచ్చిందని ఫలితాలు వచ్చిన రోజే నేను చదివి చెప్పాను. ఒక్కటే అడిగాడు, ఇది పక్కింటి అమ్మాయికి తెలిసే దారి ఏమైనా ఉందా అని."

"మీరేమన్నారు?" అన్నాను.

"లేదన్నాను. ఆ పట్టికలు చూసేదెవరు?"

సూపు గిన్నె ఆయన చేతికిచ్చి మా ఇంటికి వచ్చేశాను. పక్కింటాయన నన్ను తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని. ఆయన మాత్రం గోడ దగ్గర నిలబడి నా కోసం అబద్ధమాడాడు.