ఎడమచెయ్యి వదిలెయ్యమన్నవాడు

మా ఆయన కూర్మారావు, మీ అందరి టెన్నిస్ మాస్టారు, ఈ నెల మొదట్లో ఒక మధ్యాహ్నం కన్నుమూశాడు. ఆ కబురు విని పలాస కోర్టులో ఆట ఆపేశారట. నేను ఆసుపత్రి మంచం పక్కన ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, అది చల్లబడినా వదలకుండా కూర్చున్నాను. ఆయన స్మృతికి క్లబ్బువారు వేస్తున్న పుస్తకంలో నా మాట కూడా ఉండాలన్నారు. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతున్నాను, సెక్రటరీ బాబు రాస్తున్నారు. ‘శిష్యవత్సలుడు’ అని చేర్చుతామన్నారు. చేర్చండి, నిజమే. కానీ ఆ ఎడమచేతి సంగతి మాత్రం తీసెయ్యకండి.

ఆయనది వజ్రపుకొత్తూరు పక్క కొబ్బరితోటల ఊరు. కుర్రతనంలో పలాస వచ్చి, మట్టికోర్టుకు నీళ్లు కొట్టి, రోలర్ లాగి, సున్నం గీతలు గీస్తూ, ఆడేవారిని చూసి ఆట నేర్చుకున్నాడు. పెద్దలకు జోడీ అయ్యాడు, పిల్లలకు గురువయ్యాడు. ఆయన ఆటకు కిరీటం ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. ఎడమపక్కకు వచ్చిన బంతిని రెండు చేతులా రాకెట్ పట్టి కొట్టడం ఇప్పటి పద్ధతి. ఆయన కుడిచేత్తోనే కొట్టేవాడు. పిల్లలకూ అదే చెప్పేవాడు: "ఎడంసెయ్యి వొదిలెయ్యి. అదేటీ పడిపోదు."

పెళ్లయిన కొత్తలో చూసి, "ఇదేటి మావా, సెయ్యి అలగ ఇసిరేత్తన్నావు?" అంటే పగలబడి నవ్వాడు.

"ఒలే ఢిల్లమ్మా, పొద్దున్నే నువ్వు కళ్లాపి జల్లుతావు సూడు, అదే ఇది. ఎడంసెయ్యి బకెట్టు మీదుంటాది. కుడిసెయ్యి ఎడం తుంటికాడ బయల్దేరి బయటికి ఇచ్చుకుంటాది. నీకొచ్చిన ఆటే నాదీని."

క్లబ్బులో ఒక వకీలుగారు ఎప్పుడూ ఆటపట్టించేవారు. "పెద్ద పోటీల్లో ఒంటిచెయ్యోళ్లు ఏరయ్యా? టీవీలో భూతద్దం ఎట్టి ఎతకాలి. నీ దెబ్బకి పటం కట్టించి గోడకి తగిలించీమంటావేటి?"

"తగిలించండి బావూ. మేకు మరీ ఎత్తున కొట్టకండి, ఒంటిసేతికి అందదు."

ఆ ఆటకున్న లోపం ఆయనకు తెలుసు. "బంతి భుజం దాటి లేత్తే ఒంటిసేతికి బలం సాలదు. సిన్న గుంటలకి రాకెట్టు బరువని రెండు సేతులూ ఎట్టిత్తారు, మరి తియ్యరు. ఒంటిసేతాట తగ్గిపోతాది. గానీ పోదు. పెద్ద కోర్టులో ఒక్కడు ఆడినా, సూసిన గుంట ఎక్కడో పట్టుకుంటాది," అనేవాడు. ఆయన దృష్టిలో ఆ గుంట, ఆ పిల్ల, మా అమ్మాయి శైలజే.

ఉద్దానంలో ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. డయాలసిస్ కోసం ఎడమచేతి మణికట్టు దగ్గర నరాలు కలిపి ఫిస్టులా చేశారు. ఆ చెయ్యి ఇక రక్తానికేనని, బరువు పెట్టవద్దని డాక్టరుగారు చెప్పారు. "ఇచ్చీసినాను. నా ఆటకి దాంతో పనేటి?" అని ఈయన నవ్వాడు. ఎడమచెయ్యి పొట్టకు ఆనించుకుని, కుడిచేత్తో మెల్లగా పిల్లకు బంతులు వేసేవాడు. రోజూ పొద్దున్నే ఆ మణికట్టు మీద నేను వేలు పెట్టేదాన్ని. లోపల తేనెటీగ తిరిగినట్టు ఉండేది. అది తిరుగుతోందంటే చెయ్యి బాగున్నట్టు.

శైలజ విశాఖలో ఆడుతున్నప్పుడు అక్కడి కోచ్ నాతో అన్నాడు: "ఒంటిచేతికి ముందుముందు బతుకు లేదమ్మా. ఎత్తు బంతులకే పాప ఓడిపోతోంది. ఇప్పుడే మార్చాలి." జబ్బుతో ఉన్న మనిషిని ఏమడుగుతామని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. అడిగితే వద్దంటాడని భయం. పిల్ల గెలిస్తే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుందని నా ఆశ. మార్చెయ్యమన్నాను.

ఇంటికొచ్చి అది గోడకు రెండు చేతులతో కొడుతుంటే ఆయన చూశాడు.

"ఎవులు మార్సమన్నారు?"

"నానే, మావా."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "బాగానే కొడతంది. మరి దీనికి నానేటి నేర్పగల్ను? రెండు సేతులాట నాకు రాదు కదే," అన్నాడు.

కొన్నాళ్లకు ఒళ్లు తుడుస్తుంటే ఎడమ అరచేతిలో కాయ కనబడింది.

"ఇదేటి మావా?"

"రోలరు లాగినాను."

"రోలరు మానీసి ఎన్నాళ్లయింది నువ్వు?"

మొహం తిప్పుకున్నాడు. "గుంటకి సెప్పాలంటే ముందు నాకు రావాలి కదే."

ఎవరూ లేనప్పుడు కోర్టు గోడ దగ్గర ఆ చెయ్యి కూడా వేసి, రెండు చేతులా రాకెట్ పట్టి సాధన చేశాడు. ఆ తర్వాత ఒక పొద్దున వేలు పెడితే తేనెటీగ లేదు. ఫిస్టులా మూసుకుపోయింది. డయాలసిస్ ఆగకుండా మెడలో గొట్టం వేశారు. దానికి చీము పట్టి, జ్వరం వచ్చి, మనిషే పోయాడు. ఫిస్టులా దానంతటదే మూసుకుపోవచ్చని, ఆట వల్లనని చెప్పలేమని, కాదనీ చెప్పలేమని డాక్టరుగారన్నారు. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను.

అలాంటి గురువు మరి పుట్టడని మీరు రాస్తారు. నా నివాళి వేరు. ఎడమచెయ్యి వదిలెయ్యమని జీవితమంతా చెప్పినవాడు, నా మాట వల్ల ఆ చెయ్యి రాకెట్ మీద వేశాడు. అది నేను మొయ్యాలి.

కర్మలైన మర్నాడు శైలజ నాకంటే ముందు లేచింది. వాకిట్లో కళ్లాపి జల్లుతోంది. ఎడమచెయ్యి బకెట్టు మీద ఉంది. కుడిచెయ్యి తుంటి దగ్గర బయలుదేరి, బయటికి విచ్చుకుని, పైన ఒక్క క్షణం ఆగింది. అచ్చం ఆయనే.

"అమ్మా, ఏటలగ సూత్తన్నావు?"

"ఏటీ లేదు. జల్లు."