అక్క పల్లం చేను

అతన్ని తోటి డ్రైవర్లందరూ టార్పాలిన్ బాబాయ్ అనేవారు. లోడు మీద టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా తాడు బిగించి, చెయ్యేసి చూసుకుంటేగానీ కరెంటు ఫ్యాక్టరీ గేటు దాటేవాడు కాదు. లోడంటే బొగ్గు కాదు. బొగ్గు కాల్చగా వచ్చిన పొగను గొట్టంలోంచి పైకి వదిలే ముందు సున్నపు నీళ్ళతో కడుగుతారు. కడగ్గా మిగిలిన బూడిదరంగు బురద అది. గాలి శుభ్రంగా ఉండాలంటే ఆ పాపమంతా ఎక్కడో ఒకచోట దించాలి.

దించాల్సిన చోటు డెబ్భై కిలోమీటర్ల అవతల ఉంది. అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిచిన గుంట. టన్నుకింతని కడితేగానీ లోపలికి రానివ్వరు. ఆ డబ్బూ డీజిలు ఖర్చూ కలిపి ఫ్యాక్టరీ కాంట్రాక్టరుకిచ్చేది. ఇచ్చింది ఖర్చు పెట్టడానికి కాంట్రాక్టరుకి చేతులు రాలేదు.

"అంత దూరం దేనికి బాబాయ్? దగ్గర్లో పల్లం ఏదైనా ఉంటే చూడు. ట్రిప్పుకింతని నీకూ ముడుతుంది."

బాబాయ్‌కి తెలిసిన పల్లం ఒక్కటే, అతని అక్కది. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. మొగుడు పోయాక రెండు ఆవుల పాలమ్ముకుని బతుకుతోంది. ఇంటి వెనక అరెకరం ఉంది. వానొస్తే చెరువు, ఎండొస్తే బీడు.

"మెరక చేసి పెడతారటక్కా. పైసా అక్కర్లేదు."

"ఊరికే ఎవడు చేస్తాడురా?"

"వాళ్ళకి పారబోసే చోటు లేదు, మనకి మట్టి లేదు. సరికి సరి."

"నువ్వు చెప్తున్నావుగా," అని అతను తెచ్చిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టింది. నా చేను నా ఇష్టప్రకారమే పూడ్పించుకుంటున్నానని అందులో ఉంది. అతను చదివాడు. చదివి, సాక్షిగా తనూ సంతకం చేశాడు.

ఆరు నెలలు తోలాడు. కాగితాల్లో మాత్రం ప్రతి లోడూ డెబ్భై కిలోమీటర్లు వెళ్ళింది. చేలో బురద పైపైన ఎండి, సిమెంటు గచ్చులా గట్టిపడింది. అక్క అంచున నిలబడి కాలితో తట్టి చూసి, ఇక్కడ కొట్టం వేసుకుంటానంది.

ఒక మధ్యాహ్నం చూడి ఆవు తాడు తెంపుకుని దాని మీద నడిచింది. పది అడుగుల దాకా మోసిన గచ్చు ఆ తర్వాత పగిలింది. ఆవు పొట్ట దాకా దిగబడింది. అక్క వెనకాముందూ చూడకుండా వెళ్ళి దాని మెడ పట్టుకుని, తనూ తొడల దాకా కూరుకుపోయింది.

అప్పుడే లోడుతో వచ్చిన తమ్ముడు ముందు అక్కను లాగాడు. తర్వాత లారీకి గొలుసు కట్టి రెండో కొస ఆవు కొమ్ములకి తగిలించాడు.

"నెమ్మదిగా లాగరా, కడుపుతో ఉంది," అంది అక్క.

నెమ్మదిగానే లాగాడు. ఇంజను హోరులో కూడా మెడ విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది.

బండిలో లోడు అలాగే ఉంది, సాయంత్రం లోపు ఇంకో ట్రిప్పుంది. ఆవు దిగబడిన గోతిలోనే, చచ్చిన దాని మీదే లోడు దించేసి వెళ్ళాడు. అక్క చూస్తూనే ఉంది.

వారానికి ఆమె కాళ్ళ మీద చర్మం ఉల్లిపొరలా ఊడింది. పుళ్ళు మానలేదు. బావి నీళ్ళు చేదెక్కాయి, మిగిలిన ఆవు వాటిని ముట్టలేదు. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. నోటీసు అక్క పేరున వచ్చింది. చేను ఎవరిదైతే వాళ్ళే తొంభై రోజుల్లో, సొంత ఖర్చుతో అంతా ఎత్తించాలి.

కాంట్రాక్టరు కాగితం తీసి చూపించాడు. "మీ అక్క అడిగింది, మేం పోశాం. మంచికి పోతే చెడు ఎదురైంది బాబాయ్. సాక్షివి కూడా నువ్వేగా."

చేనూ ఇల్లూ కలిపి అమ్మినా ఎత్తుడు ఖర్చులో మూడోవంతు రాదు. కాంట్రాక్టరు జాలిపడ్డాడు. బండ్లు తనవే కాబట్టి, ఆ రెండూ తన పేరున రాస్తే ఎత్తిస్తానన్నాడు. అక్క రాసిచ్చింది. పై అధికారులు కనిపెట్టి ఉన్నారు కాబట్టి ఈసారి బండ్లు నిజంగానే డెబ్భై కిలోమీటర్లు వెళ్ళాయి. బాబాయే తోలాడు. గుంట దగ్గర గేటు గుమాస్తా అతని బండి నంబరు చూసి నవ్వాడు.

"మా పుస్తకంలో ఆర్నెల్ల నుంచీ ఉన్నావయ్యా. మొహం మాత్రం ఇవాళే చూస్తున్నా."

అతనూ నవ్వాడు.

అక్క ఇప్పుడు తమ్ముడింటి ముందుగదిలో ఉంటుంది. అతని భార్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కంచం అందిస్తుంది. రోజూ పొద్దున్నే అతను ఆ పుళ్ళు కడిగి కట్టు కడతాడు. అక్క కాళ్ళు చాపుతుంది, పలకరించదు. మంచినీళ్ళు కావాలన్నా మరదల్నే అడుగుతుంది.

అతనిప్పుడు లారీ తోలడం లేదు. కాంట్రాక్టరు మోటారుసైకిలు కొనిచ్చి, పల్లాలు వెతికే పని అప్పగించాడు. నెమ్మదైన మనిషి కాబట్టి అతని మాట జనం నమ్ముతారు. పోయిన వారం ఒక ముసలాయన కాగితం చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు.

"మీ వాళ్ళదేమైనా ఇట్లా చేయించావా నాయనా?"

"మా అక్కది చేయించానండీ," అన్నాడు.

ముసలాయన సంతకం పెట్టాడు.